ఇల్లందు రాతిలో దొరికిన ఆకు



గత వేసవిలో భూసార పరీక్షకై మట్టి నమూనాలు తీయించు పనిమీద ఇల్లందు దాపున ఒక గ్రామమునకు వెళ్ళియుంటిని. పని ముగిసి బయలుదేరబోవు వేళకు ఒక పెద్ద రైతు తన పాకలోనుండి నల్లని పలకరాయి యొకటి తెచ్చి నా చేతిలో పెట్టినాడు. జానెడు పొడవు, రెండంగుళముల మందము. దానిమీద నాలుక ఆకారమున ఒక ఆకు అచ్చు పడియున్నది. నడిమి ఈనె, దాని కిరుప్రక్కల సన్నని నరములు నిన్న రాలిన ఆకున కున్నట్లే స్పష్టముగా నున్నవి.

“గనిలకెళ్ళి తెచ్చిన మట్టి బాటకు పోసిన్రు సారూ, అండ్ల దొరికింది. మామిడాకే గద?” అని అడిగినాడు.

మామిడాకు కాదనియు, ఆ ఆకు రాలి 25 కోట్ల సంవత్సరములు దాటినదనియు చెప్పితిని. ఆయన కొంతసేపు పలకను తిప్పి చూచి, “అప్పుడీ భూమి ఎవలి పట్టా సారూ?” అన్నాడు. అక్కడ చేరిన వారందరు నవ్విరి. నేనును నవ్వితిని. కాని ఆ ప్రశ్నకు జవాబున్నది. ఆ భూమి ఆ చెట్టుదే. గోదావరి లోయ అంతయు కోట్ల ఏండ్లపాటు దాని స్వాధీనములో నుండెను. తరువాత వాతావరణము మారినది, చెట్టు పోయినది, చెట్టు వెంట మట్టియు పోయినది. ఆ కథ వ్యవసాయదారులకు పనికివచ్చునది గనుక ఇక్కడ వ్రాయుచున్నాను.

ఆకును గుర్తించుట

చూపునకు అది మామిడాకు వలెనే యుండును. రైతు పొరపడుటలో వింత లేదు. మామిడాకు నొకదానిని ఎండకు ఎత్తిపట్టి చూడుడు. నడిమి ఈనె నుండి పక్క ఈనెలు కొంత కొంత ఎడముతో విడివిడిగా బయలుదేరి అంచువైపు సాగును. రాతి ఆకులో అట్లు కాదు. నడిమి ఈనె నుండి సన్నని నరములు దట్టముగా బయలుదేరి, ఒకదానితో నొకటి కలియుచు విడిపోవుచు, చేపలవల అల్లినట్లు అంచువరకు పోవును. ఈ వలను బట్టి దానిని గుర్తింపవలెను. 1828లో బ్రోన్యార్ అను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి గ్లోసాప్టెరిస్ అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో నాలుకవంటి ఫెర్ను అని దాని అర్థము. పేరులో ఫెర్ను ఉన్నను అది ఫెర్ను కాదు, విత్తనములు కాచిన చెట్టు. మామిడి, చింత, వరి, పత్తి మొదలగు పూలు పూయు జాతులు భూమిమీదికి వచ్చుటకు అప్పటికింకను పది కోట్ల ఏండ్లకు పైగా వ్యవధి యున్నది.

1871లో భూవిజ్ఞాన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. ఇల్లందు, కొత్తగూడెం, రామగుండం, బెల్లంపల్లి, భూపాలపల్లి గనులలో త్రవ్వుచున్న బొగ్గులో అధికభాగము ఈ చెట్టును, దాని వెంట పెరిగిన మొక్కలును నల్లబడి మిగిలిన శేషమే.

ఇదే ఆకు ఆస్ట్రేలియాలో దొరకును. దక్షిణ ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను దొరకును. 1912లో దక్షిణ ధ్రువమునకు పోయి తిరుగు ప్రయాణములో మంచులో ప్రాణములు విడిచిన స్కాట్ దళపతి బృందమువారు చివరివరకు తమ బండిపై 16 కిలోల రాళ్ళను లాగుకొని వచ్చిరి. వారి దేహముల చెంత దొరికిన ఆ రాళ్ళలో గ్లోసాప్టెరిస్ ఆకులున్నవి. దాని విత్తనము సముద్రములు దాటి అన్ని ఖండములకు ఎగిరిపోవునంత తేలికైనది కాదు. కనుక ఆనాడు ఈ భూభాగములన్నియు ఒకే ఖండముగా కలిసియుండెనని పెద్దలు తేల్చిరి. ఎడ్వర్డ్ స్యూస్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1885లో దానిని గోండ్వానా భూమి అని పిలిచెను. ఆదిలాబాదు అడవులలో నేటికిని నివసించు గోండుల పేరే అది. మన గోదావరి లోయ అప్పుడు భూమధ్యరేఖకు దక్షిణమున, ధ్రువమునకు ఇప్పటికన్న ఎంతో దగ్గరగా నుండెను.

నీటిలో నిలిచిన చెట్టు

ఈ చెట్టు వేళ్ళ సంగతి మన రైతులకు వెంటనే బోధపడును. వరిమొక్క నొకదానిని పెరికి, వేరును గోటితో చీల్చి చూడుడు. లోపల బోలుగా నుండును. ఆకులనుండి గాలి ఆ బోలు దారిని వేరు కొనవరకు దిగును. అందుచేతనే వరి బురదలో నిలిచి బ్రతుకును. కందికి అట్టి దారి లేదు. రెండు మూడు దినములు నీరు నిలిచిన కందిచేను పసుపుబారుట మీరెరిగినదే. గ్లోసాప్టెరిస్ వేరును అడ్డముగా కోసినచో బండిచక్రపు ఆకులవలె అమరిక కనబడును, ఆకుల నడుమ ఖాళీ గదులుండును. నిలువున చూచిన వెన్నుపూసలు వరుసగా పేర్చినట్లుండును. ఆ పోలికనుబట్టి ఆ వేళ్ళకు వెర్టెబ్రేరియా అని పేరు వచ్చినది. చిత్తడిలో, ఊబిలో, నీరు దిగని నేలలో నిలువగలుగుటకు ఆ చెట్టు చేసుకొన్న ఏర్పాటు అది.

ఆ నేలలో చలికాలమునకు ఆకు రాలెడిది. రాలిన ఆకు నీటిలో పడి పొరలు కట్టెడిది. ఎరువుగుంటలో నీరు నిండినచో వేసిన ఆకు అలము నెలలు గడిచినను సరిగా మాగదు. గాలి చొరనిచోట కుళ్ళు సూక్ష్మజీవులు చురుకుగా పనిచేయలేవు. అదే పని లోయ పొడవునను వేలు లక్షల సంవత్సరములు జరిగినది. మాగని ఆకు, కొమ్మ, వేరు పొరమీద పొరగా పేరుకొని, పైన ఇసుక, ఒండ్రు పడి, అణగి, వేడెక్కి బొగ్గయినది. చెట్టు గాలినుండి తీసిన బొగ్గుపులుసు వాయువులోని కర్బనము ఆ విధముగా భూమిలో నిలువయై పోయినది.

ఈ యుగమునకు పెర్మియన్ యుగమని పేరు. దాని మొదట దక్షిణ ఖండముపై మంచు పేరుకొనియుండెను. మన బొగ్గుపొరల అడుగున తాల్చీరు శిలలని ఒక వరుస కలదు. అందులో మంచుగడ్డలు ఈడ్చుకొనివచ్చి వదలిన గుండ్లు దొరకుచున్నవి. మంచు కరగి, చల్లని తడి వాతావరణము కుదిరిన తరువాతనే ఈ అడవి లేచినది. ఆ తడిని నమ్ముకొనియే అది బ్రతికినది. దాని బలమంతయు అందులోనే కలదు. దాని కీడునకు మూలమును అదియే.

వాతావరణము మారుట

25 కోట్ల 20 లక్షల సంవత్సరముల క్రిందట నేటి సైబీరియా ప్రాంతమున నేల బీటలు వారి కరగిన రాయి పొంగినది. ఒక శిఖరమునుండి చిమ్మిన అగ్నిపర్వతమును ఊహింపరాదు. మైళ్ళకొలది బీటల గుండ, ఆగుచు సాగుచు, లక్షల సంవత్సరములు రాయి ప్రవహించినది. (మన దక్కను పీఠభూమి నల్లరాయి కూడ ఇట్లే వచ్చినది. నల్లరేగడి ఆ రాతినుండి పుట్టినదే. కాని అది 6 కోట్ల 60 లక్షల ఏండ్లనాటి మాట.) సైబీరియాలో ఆ కరగిన రాయి పైకి వచ్చు త్రోవలో బొగ్గుపొరలు, ఉప్పుపొరలు, జిప్సము పొరలు అడ్డుపడినవి. అవి నేలలోపలనే కాలినవి. అగ్నిపర్వతపు వాయువుతోబాటు, ఆ పాత అడవులు నిలువచేసిన కర్బనము కూడ ఒక్కసారి గాలిలోనికి వచ్చినది. గంధకపు వాయువులు, పాదరసము కూడ వెలువడినవి.

భూమి వేడెక్కినది. ఉష్ణమండలపు సముద్రములలో వేడి సుమారు పది డిగ్రీల వరకు పెరిగినదని అంచనా. కొంతకాలమునకు భూమధ్యరేఖ దగ్గర సముద్రపు పైనీరు 40 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరినదని ఆనాటి చిన్న జలచరముల పళ్ళను పరీక్షించి లెక్కకట్టిరి. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా నిలుచును. ఎండకాలమున చెరువు చేపలు తెల్లవారుజామున పైకి వచ్చి నోళ్ళు తెరచుట దానివలననే. సముద్రమునకంతకు ఆ గతి పట్టినది. అందలి జాతులలో పదింట ఎనిమిది తొమ్మిది నశించినవి. ఆ వినాశము 60 వేల ఏండ్ల పరిమితిలో ముగిసినదని 2014లో ప్రకటించిన పరిశోధనవలన తెలియుచున్నది. భూమి వయస్సులో అది రెప్పపాటు.

అయితే చెట్టు సముద్రముకన్న ముందే పోయినది. ఆస్ట్రేలియాలో సిడ్నీ ప్రాంతపు బొగ్గుపొరలను పరిశీలించినవారు 2019లో ఈ సంగతి వెల్లడించిరి. అక్కడ గ్లోసాప్టెరిస్ అడవి, సముద్రములోని పెద్ద వినాశమునకు సుమారు 3 లక్షల 70 వేల సంవత్సరములు ముందుగనే కూలినది. కడపటి బొగ్గుపొర పైన ఆకు లేదు, వేరు లేదు. ఆ దాపుల పొరలలో కాలిన కొయ్యబొగ్గు తుంపులు విస్తారముగా నున్నవి. ఎండిన ఊబినేల అంటుకొన్నచో ఆర్పువారెవ్వరు? కొంత పైకి పోయిన, ఆనాటి చెరువుల అడుగు మట్టిలో నాచు, సూక్ష్మజీవులు విపరీతముగా పెరిగిన గుర్తులు కనబడినవి. ఎరువు కొట్టుకొనివచ్చి చేరిన మన కుంటలపై ఆకుపచ్చని తెట్టు కట్టుట మీరు చూచియే యుందురు. నేలమీది పోషకములు వానకు నీటిలోనికి దిగినచో ఎక్కడైనను జరుగునది అంతే.

మొక్కల సంతానశక్తి కూడ చెడినట్లు సాక్ష్యము కలదు. నాలుగేసి రేణువులుగా పుట్టి, పక్వమునకు వచ్చి విడిపోవలసిన బీజరేణువులు విడిపోకుండ అట్లే అతుకుకొనియున్నవి ఆ కాలపు రాళ్ళలో ప్రపంచము నలుమూలల దొరికినవి. ఆకాశమున ఓజోను పొర చిల్లులుపడి తీక్ష్ణమైన సూర్యకిరణములు సోకుటచేత అని కొందరును, పాదరసము వంటి విషలోహములచేత అని కొందరును చెప్పుచున్నారు.

చెట్టు వెంట మట్టి

నన్ను అన్నింటికన్న ఎక్కువ ఆలోచింపజేసినది ఈ ఘట్టము.

దక్షిణ ఆఫ్రికాలో కరూ అను విశాలమైన మెట్టప్రాంతము కలదు. అక్కడి రాతిపొరలలో ఆనాటి నదుల జాడలు నిలిచియున్నవి. వినాశమునకు ముందరి పొరలలో నది మన వాగులవలె వంకరలు తిరిగినది, గట్లు బంకమట్టివి, ఒకటే పాయ. వినాశము తరువాతి పొరలలో వంకరలు పోయినవి. నది వెడల్పయి, లోతు తగ్గి, జడ అల్లినట్లు అనేక ఇసుకపాయలుగా చీలినది. వానలు ఎక్కువై ఇట్లు జరిగెనని చెప్పుటకు లేదు. గట్టును పట్టియుంచు వేరు లేకపోవుటయే కారణమని 2000లో వార్డు మొదలగువారు నిర్ణయించిరి. ఇటలీ దేశపు ఉత్తరమున, అప్పుడు సముద్రమడుగున ఏర్పడిన రాళ్ళలో నేలమట్టికి సంబంధించిన సేంద్రియ పదార్థములు హఠాత్తుగా పెరిగినట్లు 2005లో మరికొందరు కనుగొనిరి. అనగా కోట్ల ఏండ్లు ఆకు రాలి ఏర్పడిన పైమట్టి సముద్రము పాలయినదన్నమాట.

దీనిని నమ్ముటకు కరూ పోనక్కరలేదు. నేను పనిచేసిన ఒక మండలములో వాగు ఒడ్డున ఒక రైతు నాలుగు గుంటల నేల కలసివచ్చునని గట్టుమీది ఈత, వావిలి, తుంగ అంతయు తీసివేయించి అంచువరకు దున్నినాడు. మొదటి ఏడు పత్తి బాగుగనే వచ్చినది. రెండవ ఏడు ఒక్క రాత్రి వానకు వాగు గట్టును కోసి, ఆయన పత్తితోబాటు పాత పొలములో పదహారు గుంటలు తీసికొనిపోయినది. నేను వెళ్ళి చూచునప్పటికి ఇసుకమేట మీద నాలుగు పాయలుగా నీరు పారుచున్నది. ఎదుటి ఒడ్డున తుంగ ఉన్నచోట గట్టు చెక్కు చెదరలేదు. ఆయన నన్నేమియు అడుగలేదు. నాకును చెప్పుటకేమియు తోచలేదు. ముందటి ఏడే ఆ త్రోవన పోవుచు గట్టు దున్నుట చూచియు, అడుగక పోనిచ్చితిని.

పోయిన పైమట్టి అంగుళము తిరిగి ఏర్పడుటకు వందల ఏండ్లు పట్టును. కావున గ్రామాధికారులు వాగు పోరంబోకుల హద్దు చూచునపుడు గట్టుమీది చెట్టును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. వాలుకు అడ్డముగా దున్నుట, గట్లపై గడ్డి పెంచుట, కోత తరువాత కొయ్యకాళ్ళు కాల్చకుండుట, వేసవిలో నేలను బోడిగా వదలక పెసర, జనుము వంటి వాటితో కప్పుట అను పాత సలహాలన్నియు ఈ ఒక్క సంగతి మీదనే నిలిచియున్నవి.

ఏవి మిగిలినవి

గ్లోసాప్టెరిస్ పోయిన నేలలో మొదట లేచినవి చిన్న జాతులు. ప్లూరోమియా అను మొక్క కొమ్మలు లేక, కర్ర నాటినట్లు నిలువుగా పెరిగి, కొనయందు బీజకోశములు మోసెడిది. మంచి నేల కావలెనని అది కోరలేదు. ఎండి ముడుచుకొని, నీరు తగిలిన వెంటనే విచ్చుకొను సంజీవని అను కొండమొక్క దానికి దూరపు చుట్టము. ఇట్టి మొక్కలు నేలను కొంత కప్పినవి కాని అడవి కాలేకపోయినవి. ఆ పిమ్మట సుమారు కోటి సంవత్సరముల కాలమునకు చెందిన బొగ్గుపొర ప్రపంచములో ఎక్కడను దొరకలేదు. ఆకు రాలి పేరుకొనునంత అడవియే లేదు. వేడి ఏబది లక్షల ఏండ్లు ఏల తగ్గలేదని శాస్త్రజ్ఞులకు చాలకాలము సందేహముండెను. ఉష్ణమండలపు అడవులు పోవుటచేత గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసివేయువారే లేకపోయిరని 2025లో ప్రచురించిన ఒక పరిశోధన చెప్పుచున్నది.

గోదావరి లోయలో ఈ లోటు కంటికి కనబడును. అడుగున బొగ్గు. దానిపైన ఇసుకరాళ్ళు. ఇంకను పైన, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని ఎర్రపల్లి, మాలేరి గ్రామముల పేర పిలువబడు ఎర్రని బంకమట్టి పొరలు. అందులో బల్లిజాతి జంతువుల ఎముకలు, బురదలో గాలి పీల్చి బ్రతుకగల ఊపిరితిత్తుల చేపల పళ్ళు దొరికినవి. బొగ్గు మాత్రము లేదు.

అడవి మరల ఎక్కడనుండి వచ్చినది? ఈ సంగతి విత్తనము దాచుకొను వారికి నచ్చును. తరువాతి యుగమున దక్షిణ ఖండమంతయు ఆక్రమించిన చెట్టు డైక్రోయిడియం. దాని ఆకు చీలి రెండు పాయలుగా నుండును. మన దేశమున మధ్యప్రదేశ్‌లోని నిడ్పూరు వద్ద దొరికినది. వినాశము తరువాత ఇది కొత్తగా పుట్టినదని చాలకాలము తలచిరి. కాని జోర్డాను దేశమున మృతసముద్రపు ఒడ్డున, వినాశమునకు ముందరి పొరలలోనే దాని ఆకులు బయటపడినవి. అనగా గ్లోసాప్టెరిస్ చల్లని చిత్తడులను ఏలుచున్న రోజులలోనే, ఈ చెట్టు ఉత్తరమున వేడి ప్రాంతములో ఒక మూల, ఎవరి కంటను పడక పెరుగుచుండెను. దక్షిణము వేడెక్కినపుడు ఆ వేడికి అలవాటుపడిన విత్తనము సిద్ధముగా నున్నది. ఊరంతయు ఒకే వంగడము వేసినపుడు, పోడుభూమిలో ఎవరో ఒక ముసలమ్మ వేసుకొను నాటు జొన్న ఎందుకని నవ్వువారికి నేను ఈ చెట్టు సంగతి చెప్పుచుందును.

నేటి లెక్క

“మళ్ళ అట్లయితదా సారూ?” అని ఇల్లందు రైతు అడిగినాడు.

సైబీరియానుండి వెలువడిన వాయువు మొత్తము మనము నేటివరకు కాల్చినదానికన్న ఎన్నోరెట్లు అధికము. అది ధైర్యము చెప్పు మాట. కాని అది వెలువడుటకు వేలకొలది, పదివేలకొలది సంవత్సరములు పట్టినది. మన వేగము వేరు. యంత్రయుగమునకు ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళున్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటినది. భూమి సగటు వేడి ఒక డిగ్రీకి మించి పెరిగినది. మన సింగరేణినుండియే ఇటీవలి సంవత్సరములలో ఏటేట 6, 7 కోట్ల టన్నుల బొగ్గు వచ్చుచున్నది. అది మన దీపము, మన బోరుమోటారు, కాదనలేము. అయినను కాలుచున్నది ఆ ఆకే, తిరిగి గాలిలోనికి పోవుచున్నది అది దాచిన కర్బనమే అని తెలిసియుండుట మంచిది.

వరిచేనిలో ఈ వేడి ఎక్కడ తగులునో చూడుడు. వరిపూత ఉదయము తొమ్మిది, పది గంటల ప్రాంతమున విచ్చుకొనును. ఆ కొద్ది సమయములో వేడి 35 డిగ్రీలు దాటినచో పుప్పొడి సరిగా రాలదు, రాలినను మొలకెత్తదు, గింజ తాలుపోవును. కంకి పచ్చగా నిటారుగా నిలిచియుండును గాని తూకమునకు రాదు. యాసంగి, దాళ్వా వరిని ఏప్రిల్ ఎండలు ముదరకముందే పూత ముగియునట్లు నారు ముందుగా పోసికొనుడు. ఆలస్యమైనచో దీర్ఘకాలిక రకము మానుకొని స్వల్పకాలిక రకము వేయుడు. పూతదశలో మడిలో పలుచగా నీరు నిలుపుటవలన చేని వేడి కొంత తగ్గును. మడులన్నియు ఒకే రకముతో, ఒకే తేదీన నాటక, రెండు దఫాలుగా నాటిన రైతుకు ఒక దఫా దెబ్బతిన్నను రెండవది దక్కవచ్చును.

ఆకు దొరికినచో

గనుల ప్రాంతములలో బాటలకు పోసిన మట్టిలోను, బావులు త్రవ్వినచోటను, వాగు కోతలలోను ఇట్టి పలకలు మీకు దొరకవచ్చును. పలక దొరికినచో దానిని కడుగరాదు. అచ్చు మెరయుటకై నూనె రాయరాదు. లోపల ఇంకను ఆకులుండునేమో యని సుత్తితో చీల్చినచో ఉన్న ఆకు కూడ పోవును. పాతకాగితములో చుట్టి, గ్రామము పేరు, సర్వే నంబరు, ఎంత లోతున దొరికినది, మట్టి ఎక్కడనుండి తెచ్చినది, ఏ తేదీ అను వివరములు పెన్సిలుతో ఒక చీటీపై వ్రాసి దానితో నుంచవలెను. చోటు తెలియని పలక చదువుటకు పనికిరాదు. పిమ్మట భూగర్భశాస్త్రము బోధించు దగ్గరి కళాశాలలో గాని, హైదరాబాదులోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ కార్యాలయములో గాని చూపవచ్చును. గనుల సరిహద్దులోనికి, కోత గోతులలోనికి దిగి వెదకరాదు, అది ప్రమాదకరము.

ఇల్లందు రైతు పలకకు ఇట్టి చీటీ నేనే వ్రాసి యిచ్చితిని. సర్వే నంబరు వద్ద ఆయన నన్ను ఆపి, మట్టి గనినుండి వచ్చినది గదా, తన నంబరు ఎట్లు వ్రాయుదురని అడిగినాడు. ఆ మాట సరియైనదే. బాట పోసిన కాంట్రాక్టరును అడిగి ఏ గని మట్టియో కనుగొని చెప్పెదనని చీటీలో ఆ చోటు ఖాళీగా ఉంచినాడు.